నీలోనే, కానీ నీ నుంచి కాదు

కృప గురించి ఐదో శతాబ్దంలో క్రైస్తవుల మధ్య నడిచిన పెద్ద వాదాన్ని చర్చి చరిత్రలు సాధారణంగా ఇద్దరు మగవాళ్ళ కథగా చెబుతాయి. ఒకరు ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్ అగస్టీన్ (354-430). రెండోవాడు బ్రిటన్ నుంచి వచ్చి రోములో స్థిరపడిన బోధకుడు పెలాజియస్. మనిషి తన ఇచ్ఛతో, తన శక్తితో మంచిగా బతకగలడా, లేక మంచిని కోరుకోవడం కూడా దేవుడు ముందు ఇస్తేనే సాధ్యమా అన్నది వాళ్ళ తగవు. నీతిమంతులుగా తీర్చబడటం, ముందే ఎన్నుకోబడటం అనే సిద్ధాంతాలకు పాశ్చాత్య క్రైస్తవంలో నిలిచిన రూపం చాలా వరకు ఈ తగవులోంచే వచ్చింది. దాని చరిత్ర నిండా బిషప్పులు, పోపులు, సభలు, బహిష్కారాలు. ఆడవాళ్ళు అక్కడక్కడా ఉత్తరాలు అందుకునేవాళ్ళుగా కనిపిస్తారు, అంతే. ఆ ఉత్తరాలు అందుకున్నవాళ్ళ వైపు నిలబడి ఈ వాదాన్ని చదివితే ఏం కనిపిస్తుందో చూడాలని ఈ ప్రయత్నం.

417 చివర్లోనో 418 మొదట్లోనో అగస్టీన్, ఆయన స్నేహితుడు అలీపియస్ అనే మరో బిషప్ కలిసి జూలియానా అనే వితంతువుకి ఒక ఉత్తరం రాశారు. అగస్టీన్ ఉత్తరాల్లో అది 188వది. జూలియానా రోములోకెల్లా సంపన్నమైన కుటుంబాల్లో ఒకటైన ఆనికీ వంశపు కోడలు. ఆమె కూతురు డెమెట్రియాస్ కొన్నేళ్ళ ముందు పెళ్ళి మానుకుని కన్యావ్రతం తీసుకుంది. అప్పుడు ఆ పిల్లకి హితబోధగా ఎవరో రాసిన పుస్తకమంత ఉత్తరం మీ చేతికి వచ్చిందట, అది పెలాజియస్ రాసిందేనా, మాకు తెలియజేయండి అని బిషప్పుల ఆరా. వాళ్ళకి అభ్యంతరమైన చోటు సారాంశం ఇది: నీ వంశగౌరవం, నీ ఐశ్వర్యం నీ వాళ్ళ వల్ల నీకు వచ్చాయి, నీ ఆత్మసంపద మాత్రం ఇంకెవరూ నీకు ఇవ్వలేరు, అది నీ నుంచే రావాలి, నీలోనే ఉండాలి. అగస్టీన్ ఈ మాటని రెండు ముక్కలు చేశాడు. 'నీలో' అన్నంతవరకు మంచి ఆహారమే అన్నాడు. 'నీ నుంచి' అన్నది మాత్రం విషమని తేల్చాడు.

మన భాషలో విభక్తి ప్రత్యయాలు చేసే పనిని లాటిన్‌లో చేసే రెండు పొట్టి మాటలవి. ఒక ఆడపిల్ల మంచితనం ఆమెలో ఉండొచ్చు, కానీ ఆమె దగ్గర పుట్టినట్టు చెప్పకూడదు. ఇది ఆడవాళ్ళకే పెట్టిన నియమం కాదని వెంటనే ఒప్పుకోవాలి. అగస్టీన్ మగవాళ్ళకీ ఇదే చెప్పాడు, అందరికంటే ముందు తనకే చెప్పుకున్నాడు. 'కన్ఫెషన్స్' పుస్తకమంతా ఆ చెప్పుకోవడమే. అయినా సిద్ధాంతం ఒకటే అయినంత మాత్రాన అది అందరి మీదా ఒకే బరువుతో పడదు. 'ఇది నాది' అని ఎన్నడూ అనలేకపోయిన వాళ్ళతో 'ఇది నీది కాదు' అనడానికీ, అంతా తనదేనని నమ్మిన వాడితో ఆ మాట అనడానికీ తేడా ఉంది. నేను పట్టుకుని చూడాలనుకుంటున్నది ఆ తేడానే.

డెమెట్రియాస్ కథ కొంచెం చెప్పుకోవాలి. 410 ఆగస్టులో అలారిక్ నాయకత్వంలోని గోతులు రోమును మూడు రోజులపాటు దోచుకున్నారు. తండ్రి అప్పటికే లేడు. నాయనమ్మ ప్రోబా, తల్లి జూలియానా ఆ పిల్లని తీసుకుని సముద్రం దాటి ఆఫ్రికా చేరారు. అక్కడి అధికారి హెరాక్లియన్ శరణార్థుల్ని పిండి డబ్బు గుంజాడని, పెద్దింటి ఆడపిల్లల్ని సిరియా వర్తకులకి అమ్మాడని జెరోమ్ రాశాడు. ప్రోబా డబ్బు పోసి తన వెంట ఉన్నవాళ్ళని కాపాడుకుంది. ఆడపిల్ల అంటే ధర పలికే వస్తువుగా ఉన్న ఆ చోట, 413లో, పెళ్ళి దగ్గరపడ్డాక డెమెట్రియాస్ పెళ్ళి వద్దంది. అప్పటికి ఆమెకి దాదాపు 14 ఏళ్ళు. కార్తేజ్ బిషప్ చేతుల మీదుగా కన్యావ్రతపు మేలిముసుగు వేసుకుంది.

అంత ఆస్తికి వారసురాలు పెళ్ళి కాదనడం ఆనాటి రోమన్ ప్రపంచంలో పెద్ద వార్త. తల్లి పేరున్న గురువుల్ని హితవు రాయమని కోరింది. బెత్లెహేములో ఉన్న జెరోమ్ 414లో రాశాడు, ఆ పిల్ల ముఖమైనా చూడకుండా. ఒరిజెన్ భావాలు చెప్పేవాళ్ళ దగ్గరికి పోవద్దన్నాడు, చేతిలో ఎప్పుడూ ఉన్ని పని ఉండాలన్నాడు. అప్పటికి పాలస్తీనా చేరిన పెలాజియస్ కూడా రాశాడు. డెమెట్రియాస్ ఎందుకు పెళ్ళి వద్దనుకుందో మనకి జెరోమ్ చెబుతాడు, ఆమె నోట ఒక స్వగతం కూడా పెడతాడు. అది జెరోమ్ వాక్చాతుర్యం. ఆమె సొంత మాట ఒక్కటీ మిగల్లేదు.

పెలాజియస్ ఉత్తరాన్ని మొదటిసారి చదివేటప్పుడు నేను ఊహించింది ఒక పొడిబారిన నీతిబోధ. అది అలా మొదలవదు. ఎవరికైనా బోధ చేసేముందు వాళ్ళకి ఎంత శక్తి ఉందో చెప్పాలి, చేయగలమన్న ఆశ లేనిదే ఎవరూ అడుగు వేయరు అన్న ఆలోచనతో మొదలవుతుంది. ధర్మశాస్త్రం రాకముందే యోబు, యోసేపు నీతిగా బతికారు కదా అని గుర్తు చేస్తాడు. మరి మంచి చేయడం ఇంత కష్టంగా ఎందుకుంది? అతని జవాబు నన్ను ఆపేసింది. చిన్నప్పటి నుంచీ పట్టుకున్న దీర్ఘకాలపు అలవాటు మన మీద పేరుకుని, చివరికి అదే మన ప్రకృతి అనిపించేంత బలపడింది అంటాడు. ప్రకృతిలా కనిపించే అలవాటు! స్త్రీ స్వభావం అని లోకం పిలిచేదాన్ని విప్పి చూపించడానికి ఇరవయ్యో శతాబ్దపు స్త్రీవాదులు ఎన్ని పుస్తకాలు రాయాల్సి వచ్చిందో తెలిసిన మనకి ఈ వాక్యం పరాయిదిగా అనిపించదు. పెలాజియస్ స్త్రీవాది అని నేననడం లేదు. అతను ఆ పిల్లకి రాసిన దినచర్య జైలు నియమావళికి తక్కువేమీ కాదు. కానీ ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయిని ఉద్దేశించి, నీలో మంచి ఉంటే అది నీ పని అని రాసిన మగవాళ్ళు ఆ శతాబ్దంలో ఎంతమంది?

పెలాజియస్ వర్గం మీద దాడిలో స్త్రీల ప్రస్తావన ఎలా వాడారో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 415 ప్రాంతంలో టెసిఫోన్ అనే వ్యక్తికి రాసిన ఉత్తరంలో జెరోమ్ మతద్రోహుల వరుస ఒకటి చదువుతాడు. సైమన్ మాగస్‌కి హెలెనా, మోంటానస్‌కి ప్రిస్కా, మాక్సిమిల్లా, డొనేటస్‌కి లుసిల్లా. ప్రతి తప్పుడు బోధ వెనకా ఒక ఆడది. స్త్రీలకి కూడా ధర్మశాస్త్ర జ్ఞానం ఉండాలన్నది పెలాజియస్ మాట. ఆ తర్వాతి తన సంవాద గ్రంథంలో జెరోమ్ దాన్ని ఎగతాళి చేశాడు, సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న పౌలు మాటని ఎదురుపెట్టాడు. పౌలాకి, ఆమె కూతురికి లేఖనాలు చదివి చెప్పినవాడు, మార్సెల్లా ప్రశ్నలకి పేజీలకి పేజీలు జవాబులు రాసినవాడు జెరోమే. తన శిష్యురాళ్ళ చదువు భక్తి, అవతలివాడి శిష్యురాళ్ళ చదువు గుండెలమీద కుంపటి.

ఇక అగస్టీన్ దగ్గరికి వద్దాం. ఆయన కృపా సిద్ధాంతం పెలాజియస్ మీద కోపంతో పుట్టింది కాదు. అంతకు చాలా ముందే, 396-397 ప్రాంతంలో, మిలాన్‌కి చెందిన సింప్లిషియన్ అడిగిన ప్రశ్నలకి జవాబు రాస్తూ రోమీయులకు రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆయన ఆగిపోయాడు. రిబ్కా గర్భంలో కవలలున్నారు. ఇంకా పుట్టలేదు, మంచీ చెడూ చేయలేదు. దేవుడు యాకోబుని ఎన్నుకున్నాడు, ఏశావుని కాదు. ఎందుకు? మూడో శతాబ్దంలో ఒరిజెన్ దీనికి ఇచ్చిన జవాబు మనకి ఇట్టే అర్థమవుతుంది: ఈ పుట్టుకకి ముందే ఆత్మలు చేసుకున్నదాన్ని బట్టి. మన ఇళ్ళలో పూర్వజన్మ సుకృతం అనేదానికి దగ్గరి చుట్టం. అగస్టీన్ ఆ తలుపు మూసేశాడు. ముందు ఏ లెక్కా లేదు. మనుషులంతా పాపంతో కలిసిన ఒకే మట్టిముద్ద, కుమ్మరి అందులోంచి కొంత తీసి ఘనమైన పాత్ర చేస్తాడు, మిగిలింది వదిలేస్తాడు. తీసినందుకు కృతజ్ఞత, వదిలినందుకు ఫిర్యాదు లేకపోవడం, ఇదీ మట్టికి ఉండాల్సిన మర్యాద. రిబ్కా గర్భం ఉదాహరణ మాత్రమే, ఆమె ఏమనుకుందో ఎవరికీ అక్కరలేదు.

మాటల దగ్గర ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే ఈ వాదం అడుగడుగునా వ్యాకరణం మీద నడిచింది. రోమీయుల పత్రిక ఐదో అధ్యాయంలో, గ్రీకులో 'అందువల్ల అందరూ పాపం చేశారు' అని అర్థమిచ్చే చోట లాటిన్ అనువాదం 'అతనిలో అందరూ పాపం చేశారు' అని చదువుకోవడానికి వీలుగా ఉంది. అగస్టీన్ అలాగే చదివాడు. ఆదాములో అప్పుడే మనమంతా ఉన్నాం, మనమూ చేశాం అన్న జన్మపాప సిద్ధాంతానికి ఆ 'లో' ఒక ముఖ్యమైన ఊతం. అలాగే నీతిమంతునిగా ప్రకటించడం అని గ్రీకులో వినిపించే క్రియని లాటిన్ పదం నిర్మాణాన్ని బట్టి నీతిమంతునిగా చేయడం అని అర్థం చేసుకున్నాడు. దేవుడు తీర్పు చెప్పి ఊరుకోడు, లోపలికి వచ్చి మనిషిని మారుస్తాడు. తెలుగు బైబిల్ ఇక్కడ 'నీతిమంతులుగా తీర్చబడుట' అంటుంది. ఆ అనువాదకులు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ ఈ 'తీర్చు' భలే మాట. తీర్పు అందులోంచే వచ్చింది, తీర్చిదిద్దడమూ అందులోంచే వచ్చింది. రెండు అర్థాలనీ ఒక్క ధాతువు మోస్తోంది. దానికి తగిలించిన 'బడు' మాత్రం మనం మాట్లాడే తెలుగులో అరుదు. తీర్చబడేవారు, పిలువబడేవారు, ఏర్పరచబడేవారు. కృప గురించిన తెలుగంతా ఈ కర్మణి ప్రయోగంలోనే బతుకుతుంది. చేసేవాడు వేరే, చేయబడేవాళ్ళం మనం.

ఇప్పుడు ఈ సిద్ధాంతాన్ని దాని సొంత కథ పక్కన పెట్టి చూద్దాం. 'కన్ఫెషన్స్' ఆరో పుస్తకంలో, అగస్టీన్‌తో దాదాపు 14 ఏళ్ళు కాపురం చేసిన స్త్రీ ఉంది. ఆమె పేరు ఆయన రాయలేదు. వాళ్ళ కొడుకు పేరు రాశాడు: అడియోడాటస్, అంటే దేవుడిచ్చినవాడు, మన దేవదత్తుడు. 385 ప్రాంతంలో మిలాన్‌లో తల్లి మోనికా మంచి సంబంధం కుదిర్చింది. పెళ్ళికూతురికి చట్టం ఒప్పుకునే వయసు రావడానికి ఇంకా రెండేళ్ళు. రోమన్ చట్టంలో ఆ వయసు 12, అంటే ఆ పిల్లకి పదేళ్ళు. పెళ్ళికి అడ్డమని పాత సహచరిని ఆఫ్రికాకి పంపేశారు. ఆమె కొడుకుని ఆయన దగ్గరే వదిలి, ఇంక ఏ మగవాడినీ ఎరగనని దేవునికి మొక్కుకుని వెళ్ళిపోయింది. తన గుండె తెగి రక్తం కారిందని రాస్తాడు. ఆ బాధ అబద్ధమని నేననుకోను. ఆ వెంటనే, ఒక ఆడది చేసినంత కూడా తాను చేయలేకపోయానని ఒప్పుకుంటాడు. రెండేళ్ళు ఆగలేక ఇంకో స్త్రీని తెచ్చుకున్నాడు.

విమర్శకులు సాధారణంగా ఇక్కడ ఆయన క్రూరత్వాన్నో పశ్చాత్తాపాన్నో చర్చించి ముందుకు పోతారు. నాకు ఇక్కడ కనిపించేది సిద్ధాంతానికి పడిన చిల్లు. ఎనిమిదో పుస్తకంలో, 386లో మిలాన్ తోటలో, ఇంద్రియ నిగ్రహం తన వల్ల కాదని ఏడుస్తున్న అగస్టీన్‌కి నిగ్రహమే ఒక గంభీరమైన స్త్రీ రూపంలో కనిపిస్తుంది. ఆమె చుట్టూ అబ్బాయిలు, అమ్మాయిలు, వితంతువులు, ముసలి కన్యలు. వీళ్ళంతా తమ శక్తితో చేశారా, దేవుని వల్ల కాదా అని ఆయన్ని మందలిస్తుంది. నిగ్రహం దేవుని వరం అన్న సిద్ధాంతానికి ఇది నాటకీయమైన శిఖరం. ఏడాది ముందే అదే వరం పొందిన స్త్రీ ఒకామె ఆఫ్రికాలో ఉంది కదా? ఆ గుంపులో ఆమె లేదు. ఆమె నిగ్రహం కృప వల్లనే అయితే, కృప ఆ ఇంట్లో ముందు ఆమె దగ్గరికి వచ్చింది. బిషప్ కాబోయే మనిషి దగ్గరికి తర్వాత వచ్చింది. ఆయన ఆ మాట అనడు. కృప వల్ల కాకపోతే, పెలాజియస్ చెప్పిందే నిజం, అది ఆమె నుంచి వచ్చింది. ఆ మాటా అనడు. ఆమె మొక్కు ఏ ఖాతాలోనూ జమ కాకుండా మిగిలిపోయింది.

తన బలహీనతని ఇంత పొడుగు కథగా చెప్పుకోగలిగిన వాడికి 'నాదేమీ లేదు' అనడం ఒక విధమైన కీర్తి కూడా. పుస్తకం ఆయన పేరు మీదే ఉంది.

డెమెట్రియాస్ ముసుగు వేసుకున్న 413లోనే అగస్టీన్ 'సిటీ ఆఫ్ గాడ్' మొదలుపెట్టాడు. మొదటి పుస్తకంలో చాలా పేజీలు రోము దోపిడీలో అత్యాచారానికి గురైన క్రైస్తవ స్త్రీల గురించి. ఇక్కడ ఆయనకి దక్కాల్సిన గౌరవం దక్కాలి. శీలం మనసుది, ఒప్పుకోని శరీరం మీద జరిగిన బలాత్కారంతో అది పోదు, చేసినవాడిదే పాపం, ఆమె చావనక్కరలేదు అని స్పష్టంగా రాశాడు. రోమన్లు నెత్తిన పెట్టుకునే లుక్రీషియా ఆత్మహత్యని నిలదీశాడు: ఆమె తప్పు చేయకపోతే ఎందుకు చంపుకుంది, చేస్తే ఎందుకు పొగుడుతారు? నిన్నమొన్నటి దాకా పత్రికల్లో 'మానభంగం' అని రాసుకున్న భాషవాళ్ళం మనం, 413 నాటి ఆ వాదన విలువ మనకి తెలుస్తుంది. లుక్రీషియా చాటున ఏదైనా సుఖం ఒప్పుకుందేమో అన్న అనుమానాన్ని కూడా ఆయన దొర్లించాడని మరిచిపోలేం గానీ, ఆ అధ్యాయాల మొత్తం మీద బతికిన స్త్రీల పక్షమే నిలబడతాడు.

ఆ తర్వాత 28వ అధ్యాయం వస్తుంది. దేవుడు ఇది ఎందుకు జరగనిచ్చాడు? దేవుని తీర్పులు లోతైనవి అని ముందు అంటాడు. అక్కడ ఆగిపోయి ఉంటే బాగుండేది. ఆగకుండా, మీ మనసుల్ని నిజాయితీగా వెతుక్కోండి అని ఆ స్త్రీలకి చెబుతాడు. మీ కన్యాత్వాన్ని, నిగ్రహాన్ని చూసుకుని ఎప్పుడైనా పొంగిపోయారేమో, లోకం మెప్పు కోరుకున్నారేమో. అలా పొంగిపోలేదంటే, ఇకముందు పొంగే బలహీనత లోపల దాగి ఉందేమో, అది రాకుండా దేవుడు అడ్డుకున్నాడేమో. శీలం మీలో ఉంది, మీ నుంచి రాలేదు. మీ నుంచి వచ్చిందని అనుకున్నారేమో, అందుకని. జూలియానాకి రాసిన ఉత్తరంలో మర్యాదగా కనిపించే ఆ విభక్తి ప్రత్యయం ఇక్కడ ఎంత దూరం పోయిందో చూడండి. గోతు సైనికుడి చేతిలో నలిగిన మనిషిని తన గర్వం వెతుక్కోమంటోంది.

గర్వమే మూలపాపం అన్న ఈ పునాదిని 1960లో వాలరీ సేవింగ్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక వ్యాసంలో ప్రశ్నించింది. పాపమంటే గర్వం, అధికారకాంక్ష, తనని తాను పెద్ద చేసుకోవడం అని చెప్పే వేదాంతం మగవాళ్ళ అనుభవాన్ని మనుషులందరి అనుభవంగా చూపిస్తోందని ఆమె వాదన. స్త్రీలకి ఎదురయ్యే ప్రమాదం దీనికి ఉల్టా: ఇతరుల కోసం ముక్కలు ముక్కలై తనంటూ ఒకటి లేకుండా పోవడం. జుడిత్ ప్లాస్కో 1980లో ఈ వాదాన్ని పుస్తకంగా విస్తరించింది. అలా కరిగిపోయిన మనిషికి 'నీ గర్వం వదులు' అన్న మందు రోగాన్ని పెంచుతుంది. మన కథల సంపుటాల ముందుమాటలు వరసపెట్టి చదివినవాళ్ళకి ఇది వివరించనక్కరలేదు. ఇందులో నా గొప్పేం లేదు, ఆయన ప్రోత్సాహం, అత్తగారి సహకారం, పెద్దల ఆశీస్సులు. చర్చికి వెళ్ళే ఇళ్ళలో పిల్ల ర్యాంకు తెచ్చుకున్నా, తల్లి ఉద్యోగం తెచ్చుకున్నా 'అంతా దేవుని కృపండీ' అన్న జవాబే ఠక్కున వస్తుంది. రాత్రుళ్ళు మేలుకున్న సంగతి ఆ వాక్యంలో కనిపించదు.

అయితే స్త్రీలందరి అనుభవం ఒకటే అన్నట్టు సేవింగ్ మాట్లాడిందని తర్వాత వచ్చిన విమర్శ సరైనదే. తెలుగునేల మీద కృప అన్న మాటకి ఇంకో చరిత్ర ఉంది. 1876-78 కరువు తర్వాత ఒంగోలు మిషన్ ఆధ్వర్యంలో గుండ్లకమ్మ ఒడ్డున 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో చాలామంది మాదిగలు. నీ పుట్టుక నువ్వు చేసుకున్న కర్మ ఫలం అని తరతరాలుగా చెప్పించుకున్నవాళ్ళకి, పుట్టుకనీ యోగ్యతనీ లెక్కపెట్టకుండా ఊరికే ఇచ్చేది ఒకటుందని వినడం తమని తాము పోగొట్టుకోవడం కాదు. అర్హత అడగని మాట అది. అర్హత పేరుతో గుడి బయట, బడి బయట నిలబెట్టబడ్డ మనిషికి పెలాజియస్ చెప్పే 'నువ్వు చేయగలవు' కంటే అగస్టీన్ చెప్పే 'నువ్వు ఏమీ చేయకముందే' అన్నది దగ్గరగా ఉండొచ్చు. పెలాజియస్ శ్రోతలు ఎవరు? రోములోని పెద్దిళ్ళ వాళ్ళు, ఉపవాసానికి తీరిక ఉన్నవాళ్ళు. దేవుడు అసాధ్యమైనది ఆజ్ఞాపించడు అంటే, తప్పిన ప్రతిసారీ నీకు సాకు లేదనే కదా అర్థం. తప్పుతూ లేస్తూ ఉండే మామూలు మనుషులకి అగస్టీన్ సంఘంలో చోటు ఎక్కువ అని ఆయన జీవితచరిత్ర రాసిన పీటర్ బ్రౌన్ చూపించాడు. నేను దాన్ని కాదనలేను.

కాదనలేనిది ఇంకొకటి ఉంది. ఆ కృప ఊరికే దొరుకుతుంది గానీ అందరికీ దొరకదు. 418లో పెలాజియస్ పక్షాన్ని చక్రవర్తి హోనోరియస్, కార్తేజ్ సభ, చివరికి పోపు జోసిమస్ కూడా ఖండించాక, అగస్టీన్ తన వాదాన్ని ఇంకా బిగించుకుంటూ పోయాడు. 426-427లో హాడ్రుమేటం మఠంలో సన్యాసులు కొందరు ఒక ప్రశ్న వేశారు, ఈ వివాదం మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. అంతా కృపే అయితే తప్పు చేసినప్పుడు పెద్దలు మమ్మల్ని తిట్టడం దేనికి, మా కోసం ప్రార్థన చేసి ఊరుకోవచ్చు కదా? ఆయన జవాబుగా పుస్తకాలు రాశాడు. 428-429 నాటికి రాసిన చివరి గ్రంథాల్లో, ఎన్నుకోబడినవారి సంఖ్య ముందే నిర్ణయమైందని, చివరిదాకా నిలబడటం కూడా వరమేనని, ఎవరికి ఎందుకిచ్చాడో అడగడానికి మనమెవరమని తేల్చాడు. పుట్టుక లెక్క కొట్టేసిన చేతితోనే కారణం చెప్పక్కరలేని ఎంపికని రాశాడు. కర్మ సిద్ధాంతం అబద్ధమైన కారణమైనా చెబుతుంది, ఇది అదీ చెప్పదు. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపిల్లలు కూడా శిక్షలోనే ఉంటారు, కాకపోతే అది అన్నిటికంటే తేలికైన శిక్ష అన్నాడు. పురుళ్ళలో బిడ్డలు రాలిపోవడం మామూలైన కాలంలో ఈ మాట ఎవరి చెవిన పడిందో ఊహించుకోవాలి.

దీనికి ఎదురు నిలిచినవాడు ఇటలీలోని ఎక్లానం బిషప్ జూలియన్. పెళ్ళయినవాడు, భార్య పేరు టిటియా. దేహంలోని కోరిక దేవుడు చేసిన ప్రకృతిలో భాగం, అతి అయితేనే దోషం, పసిబిడ్డని శిక్షించే దేవుడు న్యాయవంతుడు కాదు అని అతని వాదం. పదవి పోయి దేశాలు పట్టి తిరిగాడు. 430లో వాండల్ సేనలు హిప్పోను ముట్టడించి ఉండగా అగస్టీన్ జూలియన్‌కి జవాబు రాస్తూనే, అది పూర్తికాకుండానే చనిపోయాడు. 529లో ఆరంజ్ సభ విశ్వాసపు మొదటి అడుగు కూడా కృపేనని ఒప్పుకుంది, దేవుడు ఎవరినీ చెడుకి ముందే నిర్ణయిస్తాడనడాన్ని మాత్రం తోసిపుచ్చింది. పదహారో శతాబ్దంలో లూథర్, కాల్విన్ ఈ పుస్తకాలే మళ్ళీ తెరిచారు, అది వేరే కథ.

188వ ఉత్తరం దగ్గరికి మళ్ళీ వస్తే, అందులో నన్ను ఎక్కువ ఆకర్షించేది జూలియానా. మా కుటుంబం ఎన్నడూ ఏ తప్పుడు బోధలోనూ, చిన్నదాంట్లో కూడా, పడలేదని ఆమె అంతకు ముందే బిషప్పులకి రాసింది. ఆ సంగతి వాళ్ళ జవాబు వల్ల మనకి తెలుస్తోంది. మా ఇంటి సంగతి మేం చూసుకోగలం అన్న పెద్దింటి స్త్రీ బిగువు అందులో వినిపిస్తుంది. అగస్టీన్ ఆ హామీతో తృప్తిపడక మళ్ళీ వివరంగా రాశాడు. కూతురికి నేరుగా రాయలేదు, ఆ పిల్ల గురించి తల్లికి రాశాడు. జూలియానా ఏం జవాబిచ్చిందో మిగల్లేదు. పెలాజియస్ ఉత్తరం మాత్రం మిగిలింది, అతని పేరు మీద కాకుండా చాలాకాలం జెరోమ్ రచనల మధ్య చెలామణీ అవుతూ.

డెమెట్రియాస్ రోముకు తిరిగి వెళ్ళింది. 440 ప్రాంతంలో, అంటే ఆమెకి నలభై దాటాక, నిజమైన వినయం గురించి ఆమెకి ఇంకో ఉత్తరం అందింది. దాన్ని అగస్టీన్ అనుయాయి ప్రాస్పర్ రాశాడని చాలామంది పండితుల అభిప్రాయం. పాతికేళ్ళ తర్వాత కూడా ఆమెకి చెప్పిన విషయం అదే, నీలో ఉన్న మంచి నీ నుంచి కాదని. పోపు లియో కాలంలో (440-461) లాటిన్ రహదారి పక్కన, నగరానికి మూడో మైలు దగ్గర, తన సొంత ఎస్టేటులో సెయింట్ స్టీఫెన్ పేరిట ఆమె చర్చి కట్టించింది. పందొమ్మిదో శతాబ్దంలో తవ్వినప్పుడు దాని పునాదులు, విరిగిన శాసనం ముక్కలు బయటపడ్డాయి. చనిపోయేముందు డెమెట్రియాస్ తన చివరి కోరికని పోపుకి అప్పగించిందని ఆ పద్యశాసనం చెబుతుంది. రాయి మీద ఆమె పేరుంది, లియో పేరుంది, పని దగ్గరుండి చేయించిన టిగ్రినస్ అనే పెద్ద పేరు కూడా ఉంది. పద్యం ఎవరు రాశారో లేదు.